షిఫ్టులు, భుజాలు, ఒక రాత్రి కాల్

అక్క: రికార్డ్ అవుతోందా? సరే. ఈసారి షిఫ్టుల గురించి మాట్లాడతామన్నాం కదా. అల్ట్రాసౌండ్ టెక్నీషియన్లకి ఎనిమిది గంటలు ఐదు రోజులా, పది గంటలు నాలుగు రోజులా, పన్నెండు గంటలు మూడు రోజులా, ఏది నయమని.

తమ్ముడు: నాకైతే మూడు పన్నెండులే అక్కా. వారానికి 36 గంటలు, నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండొచ్చు.

అక్క: అందులో ఒక రోజు పడుకోవడానికే పోతుంది. భుజం సంగతేంటి?

తమ్ముడు: మళ్లీ భుజం మాట వచ్చేసింది.

అక్క: వస్తుంది మరి. లెక్కపెట్టాల్సింది గంటలు కాదు, స్కాన్లు. ఎనిమిది గంటల్లో పద్దెనిమిది మందిని చూడటం, పన్నెండు గంటల్లో పన్నెండు మందిని చూడటం కంటే కష్టం. రోస్టర్‌లో గంటలే కనిపిస్తాయి, ఒంటిమీద ఆనించి స్కాన్ చేసే ప్రోబ్‌ని నొక్కిపట్టిన నిమిషాలు ఎక్కడా కనిపించవు. సర్వే చేసినప్పుడల్లా మనవాళ్లలో పదిమందికి ఎనిమిది తొమ్మిది మంది నొప్పితోనే స్కాన్ చేస్తున్నామంటున్నారు.

తమ్ముడు: పేషెంట్ లావుగా ఉంటే నొక్కక తప్పదు కదా. ఎడమ కిడ్నీ చూడాలంటే మనిషి మీదుగా చెయ్యి చాపాల్సిందే.

అక్క: చాపకు! మంచం అంచుకి జరగమని అడుగు, మంచం దించు, నీ కుర్చీ ఎత్తు పెంచు. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి, పక్కకి 30 డిగ్రీలు దాటి లేవకూడదు. కేబుల్ బరువు మణికట్టు మీద పడనివ్వకూడదు. నాకు ఆరో ఏడాదే తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు తమ్ముడూ. డ్యూటీలోంచి తీసేస్తారన్న భయంతో ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడు: నొప్పి దాచుకున్న రోజులు.

అక్క: అవే. ఇంకోటి, పొద్దున స్లాట్లు చూడు. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) కోసం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాలి కాబట్టి పొట్ట స్కాన్లన్నీ పొద్దున్నే పడతాయి. బరువైన కేసులు నాలుగు వరసగా! మధ్యలో ఒక థైరాయిడో, మెడలోని రక్తనాళం కెరోటిడో పెడితే చేతికి కాస్త ఊపిరాడుతుంది. ఈ ఒక్క మార్పుకి ఖర్చేమీ లేదు.

తమ్ముడు: ఇరవై నిమిషాల స్లాట్ కూడా మారాలి. 18 నుంచి 22 వారాల స్కాన్‌లో బిడ్డ వీపు తిప్పి పడుకుంటే ఏం చేస్తాం, తల్లిని కాసేపు నడిచి రమ్మంటాం. అక్కడ పదిహేను నిమిషాలు పోతే, ఆ రోజు మన భోజనం పోయినట్టే.

అక్క: ఆన్‌కాల్, అంటే పిలిస్తే వెళ్లాల్సిన డ్యూటీ గురించి చెప్తానన్నావు.

తమ్ముడు: ఆ... మొన్న రాత్రి రెండింటికి పిలిచారు. పద్నాలుగేళ్ల పిల్లాడు, వృషణం మెలిపడింది. సిగ్గుపడి నాలుగు గంటలు ఇంట్లో చెప్పలేదట. ఆరు గంటల్లోపు ఆపరేషన్ అయితే చాలావరకు కాపాడొచ్చు కదా, దారంతా అదే లెక్క. రక్తం పారేది చూపించే డాప్లర్ పెడితే అటువైపు రక్తప్రవాహం లేదు. వెంటనే సర్జన్‌కి చెప్పాం.

అక్క: దక్కిందా?

తమ్ముడు: దక్కింది. నేను ఇల్లు చేరేసరికి నాలుగున్నర. ఏడింటికి మళ్లీ డ్యూటీ. పదింటికి ఒక థైరాయిడ్ స్కాన్‌లో కుడివైపు గడ్డకి ఎడమ అని రాశాను అక్కా. సేవ్ చేసేముందు చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.

అక్క: ...కాల్‌కి వెళ్లొచ్చాక ఎన్ని గంటలు విశ్రాంతి ఇస్తారో రాసుందా ఎక్కడైనా?

తమ్ముడు: లేదు. చేరేటప్పుడు జీతం అడిగాను, కాల్‌కి ఎంతిస్తారని అడిగాను. ఇది అడగాలని తట్టలేదు.

అక్క: రేపు అడుగు. మాటతో సరిపెట్టుకోకు, కాగితం మీద రాయించుకో. నీ ఒక్కడికే కాదు, ఆ తర్వాత నీ ముందు పడుకునే పేషెంట్‌కి కూడా అది కావాలి.

తమ్ముడు: అడుగుతాను.

అక్క: ఆ మైక్ ఇంకాస్త దగ్గరికి లాక్కో. ఇందాకటి నుంచి చెయ్యి చాపే కూర్చున్నావు.