వాకింగ్ చేస్తున్నాం కదా, ఇంకేం కావాలి?

నమస్కారం అండీ. అరవై దాటినవాళ్లని "వ్యాయామం ఏమైనా చేస్తున్నారా?" అని అడిగి చూడండి. చాలామంది "రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా, ఇంకేం కావాలి?" అంటారు. మంచిదే, మానొద్దు. గుండెకి, షుగర్‌కి, బీపీకి, నిద్రకి నడక మేలు చేస్తుంది. కానీ ఆ వయసులో చాలామందిని మంచాన పడేసేది కాలు జారి పడటం. దాన్ని ఆపడానికి నడక ఒక్కటే చాలదు.

ముప్పై దాటాక పదేళ్లకి సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుంది. అరవై తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుంది. అందులోనూ ఎక్కువ దెబ్బతినేవి చురుగ్గా పనిచేసే కండర తంతువులు. కాలు జారినప్పుడు చటుక్కున ఇంకో అడుగు వేసి నిలదొక్కుకోవాలంటే అవే కావాలి. రోజూ ఒకే దారిలో, ఒకే వేగంతో నడిస్తే వాటికి పెద్దగా పని పడదు.

"ఈ వయసులో కండలేంటండీ" అంటారా? 1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమందితో, దగ్గరుండి, ఎనిమిది వారాలు కాళ్లకి బరువుల వ్యాయామం చేయించారు. తొమ్మిదిమంది చివరిదాకా చేశారు. వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరైతే చేతికర్ర పక్కన పెట్టేశారు. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. అయినా తొంభైల్లో కూడా కండ మాట వింటుందని తేలింది కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకి మూడు చెబుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల వ్యాయామం, మూడు రోజులు బ్యాలెన్స్‌కి సంబంధించినవి. మొదటిది అందరికీ తెలుసు. మిగతా రెండూ ఎవరూ పట్టించుకోరు.

మొదలుపెట్టడానికి ఒక కుర్చీ చాలు. చక్రాలు లేనిది, గోడకి ఆనించి పెట్టండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండి. కూర్చునేటప్పుడు దభీమని కూలబడకండి, మెల్లగా దిగండి. తొడ కండరాలకి అసలు పని అక్కడే. చేతుల సాయం లేకుండా లేవలేకపోతే, సాయం తీసుకునే మొదలుపెట్టండి. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచారో రాసుకుని, నెల తర్వాత మళ్లీ చూడండి. బ్యాలెన్స్ కోసం, పక్కన గట్టు ఏదైనా పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి.

పిల్లలకి ఒక మాట. "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తాను" అనడం ప్రేమే. కానీ రోజంతా అలా కూర్చోబెడితే లేచే అలవాటే పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో, కాళ్ల కండ దాదాపు కిలో కరిగిపోయింది!

కొత్తగా చేసేటప్పుడు తొడలు కాస్త లాగితే కంగారు పడకండి. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌ని కలవండి. బీపీ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి లేవగానే తల తిరుగుతుంది. అలాంటివాళ్లు ఈ కుర్చీ వ్యాయామం మొదలుపెట్టక ముందే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.