పాముకాటు ట్యూబు, 20 నిమిషాల పాఠం

యాంకర్: మేడమ్, తిరుపతి రుయా ఆసుపత్రిలో పొద్దున ఓపీ మొదలైతే పీలేరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి వచ్చినవాళ్లతో వరండా నిండిపోతుంది. అంత రద్దీలో హౌస్‌ సర్జన్లకు, అంటే శిక్షణలో ఉన్న కొత్త డాక్టర్లకు, పాఠం చెప్పాలని డాక్టరుకు ఎందుకనిపిస్తుంది?

డాక్టర్: రాత్రి డ్యూటీలో పేషెంటును ముందు చూసేది వాళ్లే కదండీ. పాముకాటు కేసే తీసుకోండి. 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి, తర్వాత ఒక్కసారే వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం రక్తానికి ఎక్కినట్టు లెక్క. సబ్బుతో కడిగిన ట్యూబైనా, ప్లాస్టిక్‌దైనా మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఎక్కిస్తాం, దాని రియాక్షన్లు వేరే.

యాంకర్: అంటే పొరపాట్లు తగ్గాలనేనా?

డాక్టర్: అంతవరకే అయితే గోడకు ప్రొటోకాల్ అంటిస్తే చాలు. "గాజుదే ఎందుకు మేడమ్?" అని ఒక పిల్లాడు అడుగుతాడు. గాజు తగిలితేనే ఫ్యాక్టర్ 12 అనే, రక్తం గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే ప్రొటీన్ మేలుకుంటుందని చెప్పాలంటే మన చదువు మళ్లీ తిరగేయాలి. చాలామందిని పాఠం వైపు లాగేది ఆ ప్రశ్నే.

యాంకర్: మరి పాఠం చెప్పాలన్న ఆ ఇష్టం ఎక్కడ చచ్చిపోతోంది?

డాక్టర్: ప్రమోషన్‌కు పరిశోధన పేపర్లు లెక్కకొస్తాయి, మంచం పక్కన చెప్పింది ఎవరూ లెక్కపెట్టరు. 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి కొత్త కరికులమ్‌లో లాగ్‌బుక్ వచ్చింది, విద్యార్థి నేర్చుకున్నది రాసి గురువు చేత సంతకం పెట్టించుకునే పుస్తకం, మంచిదే. కానీ నెలాఖరున సంతకాలన్నీ ఒకేసారి పెట్టేస్తే అందులో పాఠమేముంది?

యాంకర్: టైమ్ లేదంటారు కదా?

డాక్టర్: దానికి 1992లో అమెరికా ఫ్యామిలీ డాక్టర్లు ఐదు మెట్ల పద్ధతి రాశారు, 'ఒక్క నిమిషం గురువు' అనుకోండి. "ఏమనుకుంటున్నావు?" అని ముందు వాళ్లచేతే చెప్పించాలి. "ఎందుకు?" అనడగాలి. ఒక్క సూత్రం చెప్పాలి. "గుడ్" అని వదిలేయకుండా "కాటు టైమ్ రాసుకున్నావు, బాగుంది" అని ఏది బాగా చేశారో చెప్పి మెచ్చుకోవాలి. చివర్లో తప్పు దిద్దాలి, అదీ పేషెంటు బంధువుల ముందు కాదు. మనం మొదటి మెట్టు దగ్గరే బోల్తా పడతాం. వాళ్లు నోరు తెరవకముందే జవాబు చెప్పేస్తాం.

యాంకర్: క్యాజువాలిటీలో ఇదంతా కుదురుతుందా?

డాక్టర్: రెప్పలు వాలుతున్నా, ఊపిరి ఆడకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా కుదరదు. ట్యూబు కోసం ఆగకూడదు, వెంటనే యాంటీవీనమ్ మొదలుపెట్టాలి. అవేవీ లేకపోతే ట్యూబును ఎలాగూ 20 నిమిషాలు కదపకూడదు. పేషెంటు మీద కన్నేసి ఉంచుతూ ఆ మంచం పక్కనే ఐదు మెట్లూ ఎక్కించొచ్చు.