మేకు కొట్టొద్దన్న హాల్లో బొమ్మలు ఎలా వేలాడదీయాలి? నాలుగు పద్ధతుల రివ్యూ

నమస్కారం అండీ. కొంతమంది ఆర్టిస్టులు కలిసి ఏ కమ్యూనిటీ హాల్లోనో, లైబ్రరీలోనో తమ బొమ్మలు పెట్టాలనుకుంటారు. హాలు వాళ్లు సరేనంటారు, కానీ ఒక షరతు పెడతారు: గోడకు మేకు కొట్టొద్దు. వాళ్ల తప్పేం లేదు. గ్యాలరీ గోడ బొమ్మల కోసమే కట్టింది, చిల్లు పడితే పుట్టీ పెట్టి రంగు వేసేస్తారు. ఇక్కడేమో అదే గోడ ముందు మర్నాడు మీటింగు ఉంటుంది. అందుకే ఇవాళ మేకు అక్కర్లేని సామాను రివ్యూ చేద్దాం. అంటుకునే పట్టీలు, జాలీ ప్యానెళ్లు, గోడ రైలు, తాడూ క్లిప్పులూ, ఆఖర్న లైటు. తీర్పు ముందే చెప్పేస్తున్నా: ఒకటి రెండు రోజుల ప్రదర్శనకు జాలీ, తరచూ ప్రదర్శనలు జరిగే హాలుకు రైలు. పట్టీలకు మార్కులు బాగా తక్కువ. ఎందుకో చూడండి.

అసలు సామాను దగ్గరికి వెళ్లేముందు ఫ్రేము వెనక్కి తిప్పండి. గోడ ఎంత గట్టిదైనా ఇక్కడ తేడా వస్తే బొమ్మ కిందికే. రంపపు పళ్లలా ఉండే చిన్న హ్యాంగరు ఒక్కటే మధ్యలో కొట్టి ఉంటే వద్దనండి. తలుపు గట్టిగా వేసినా బొమ్మ పక్కకు వాలుతుంది. రెండు వైపులా డి రింగులు (ఇంగ్లీషు D ఆకారపు చిన్న లోహపు రింగులు) ఉండాలి, ఫ్రేము ఎత్తులో పైనుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్యన. స్క్రూ పొడవు ఫ్రేము మందం కన్నా తక్కువ ఉండాలి. ముందు సన్నగా చిన్న రంధ్రం చేసి తర్వాత స్క్రూ బిగించండి, లేదంటే చెక్క పగులుతుంది.

ఇప్పుడు ఆ రెండు రింగుల మధ్య కట్టే ఈ తీగ చూడండి. చాలామంది దీన్ని వీణ తీగలా బిగించేస్తారు, అదేదో గట్టిదనం అనుకుని. జరిగేది తలకిందులు. హుక్కుకు తగిలించాక తీగ రెండు వైపులా అడ్డ గీతకు 30 డిగ్రీల వాలులో దిగితే, ఒక్కో వైపు పడే లాగుడు ఫ్రేము బరువుకు సమానం. అంటే 5 కిలోల ఫ్రేముకు ఒక్కో రింగు మీద 5 కిలోలు. అదే తీగ బాగా బిగిసి 10 డిగ్రీల వాలే మిగిలితే, ఒక్కో రింగు మీద 14 కిలోలు పైనే పడుతుంది. బరువు అదే, లాగుడు మూడింతలు. స్క్రూ ఊడేది అందుకే. కాబట్టి తీగను కాస్త వదులుగా కట్టండి, మధ్యలో వేలు పెట్టి పైకి లాగితే గుడారం ఆకారం రావాలి. కానీ ఆ కొస ఫ్రేము పై అంచు దాటి కనపడకూడదు. కట్టేటప్పుడు రింగులోంచి రెండుసార్లు తిప్పి, మిగిలిన కొసను తీగకే చుట్టేయండి. ఒక్క ముడి వేసి వదిలితే జారుతుంది.

మొదటిది, అంటుకునే పట్టీలు. రెండు ముక్కలుంటాయి, ఒకటి గోడకు, ఒకటి ఫ్రేముకు, రెండూ కలిపి నొక్కితే టక్కుమంటాయి. ప్యాకెట్ మీద ఇన్ని కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. ఆ అంకె అబద్ధం కాదు, అయితే అది నున్నటి, శుభ్రమైన, పూర్తిగా ఆరిన గోడకు చెప్పిన అంకె. మన హాలు గోడ అలా ఉంటుందా? అరచేత్తో ఒకసారి రుద్ది చూడండి. చేతికి తెల్లగా పొడి అంటిందంటే సున్నమో, చవక డిస్టెంపరో అన్నమాట. పట్టీ ఆ పొడికి అంటుకుంటుంది, గోడకు కాదు. రాత్రి ఎప్పుడో పొడితో సహా ఊడి వస్తుంది. కొత్తగా రంగు వేసిన గోడైతే కనీసం వారం ఆగాలి.

నున్నటి ఎనామిల్ గోడో, టైలో, అద్దమో ఉంటే మాత్రం పట్టీలు బాగానే పనిచేస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఇంట్లో గాజు తుడిచే ద్రవాలు వద్దు, అవి పైన పల్చటి పొర వదిలిపెడతాయి. తుడిచాక ఆరనివ్వండి, పట్టీని 30 సెకన్లు గట్టిగా నొక్కండి, బొమ్మ తగిలించడానికి గంట ఆగండి. ఈ గంట దగ్గరే అందరికీ తొందర. ఇంకో సంగతి: పట్టీ కిందికి జారే బరువును బాగా ఆపుతుంది గానీ, గోడ నుంచి ముందుకు ఒలిచే లాగుడును ఆపలేదు. మందపాటి ఫ్రేము బరువంతా ముందుకు ఉంటుంది కాబట్టి పై అంచు దగ్గర ఒలుచుకుంటూ వస్తుంది. అందుకని పట్టీలు పై మూలల్లో పెట్టాలి, అడుగున మరో జత. గాజు ఉన్న ఫ్రేములకు మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. కింద పిల్లలు తిరిగే చోట గాజును జిగురు మీద వేలాడదీయడం ఏం ధైర్యం? పదికి మూడు మార్కులు, అదీ చిన్న ఫోమ్‌బోర్డు ప్రింట్లకూ, పేరు చీటీలకూ.

రెండోది, జాలీ ప్యానెల్. ఇనుప ఊచలతో చేసిన జాలీ, మామూలుగా 2 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు, గడి 3 అంగుళాలు. ఎస్ హుక్కు వేసి తగిలించేయడమే. గోడతో పనే లేదు కాబట్టి హాలు వాళ్లతో పేచీ ఉండదు. తిప్పలు రెండు చోట్ల. ఒకటి, నిలబెట్టడం. పాదం బిగించిన ఒంటి ప్యానెల్‌ను భుజంతో కాస్త తోస్తే చాలు, ఊగుతుంది. రెండు ప్యానెళ్లు ఒకే వరుసలో కలిపినా అంతే. మూడింటిని త్రికోణంగానో, నాలుగైదింటిని వంకరటింకరగా మడతల తెరలాగానో కలపండి. ప్రతి అతుకు దగ్గరా పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి, మూడు క్లిప్పులు. పైన ఒక్కటే వేస్తే అడుగున విచ్చుకుంటాయి. బరువు బొమ్మలు మధ్య నుంచి కిందికి, ఒక వైపు పెట్టినంత బరువు రెండో వైపూ ఉండేలా చూడండి. అడ్డంగా ముందుకొచ్చే పాదాలు దారిలో ఉంటే జనం కాళ్లకు తగిలి తూలుతారు, త్రికోణంలో అసలు పాదాలే అక్కర్లేదు.

రెండో ఇబ్బంది కంటికి సంబంధించింది. చిన్న బొమ్మ చుట్టూ గళ్లు కనిపిస్తుంటే చూపు బొమ్మ మీద నిలవదు. బూడిద రంగు గుడ్డ చుట్టండి, బొమ్మ ముందుకొస్తుంది. తళతళలాడే తెల్ల గుడ్డ వద్దు, దాని పక్కన నీటిరంగుల కాగితం పాతబడి పసుపెక్కినట్టు కనిపిస్తుంది. గుడ్డ మంటంటుకోని రకమేనా అని హాలు వాళ్లు అడగొచ్చు, ముందే కనుక్కోండి. ఇక గడి 3 అంగుళాలు కాబట్టి ఎత్తు కూడా 3 అంగుళాల మెట్లలోనే మారుతుంది. రెండు బొమ్మలు ఒక వరుసలో కుదరకపోతే హుక్కు మార్చకండి, వెనక తీగ పొడవు సర్దండి. ప్రతి ఫ్రేముకూ రెండు హుక్కులు, ఒక్కటి చాలదు. పదికి ఎనిమిది.

మూడోది రైలు. గోడ పై భాగాన అల్యూమినియం పట్టీ ఒకటి శాశ్వతంగా బిగిస్తారు, దాంట్లోంచి తీగలు దిగుతాయి, తీగ మీద హుక్కు పైకీ కిందికీ జరుగుతుంది. హాలు వాళ్లు ఒక్కసారి డ్రిల్లింగుకు ఒప్పుకుంటే, తర్వాత ఎన్ని ప్రదర్శనలైనా గోడ చెక్కుచెదరదు. వాళ్లను ఒప్పించాల్సిన మాట కూడా ఇదే. రైలు ఎంత మోస్తుందన్నది రైలు కన్నా దాన్ని పట్టుకున్న స్క్రూల మీద ఆధారపడుతుంది. తయారీదారు చెప్పిన దూరం కన్నా ఎడంగా స్క్రూలు వేస్తే ఆ కిలోల లెక్క చెల్లదు.

తీగల్లో రెండు రకాలు. నైలాన్‌ది కంటికి ఆనదు, కానీ బరువు పడ్డాక కొంచెం సాగుతుంది. సాయంత్రం సమంగా పెట్టిన వరుస తెల్లారేసరికి ఎగుడుదిగుడుగా ఉంటుంది, అందుకే మర్నాడు తలుపులు తీసేముందు మళ్లీ సరిచూడాలి. స్టీలుది సాగదు, బరువైన వాటికి అదే. హుక్కుల్లో వేలితో తిప్పే స్క్రూ ఉన్న రకం బిగించడం మరిచారా, జారుతుంది. స్ప్రింగుతో తనంతట తానే పట్టుకునే రకం నయం.

రైలు మీద వేలాడే బొమ్మలు ముందుకు వంగుతాయి, ఇదిగో చూడండి, పై అంచు గోడకు ఎంత దూరంగా ఉందో. రింగులు కిందికి ఉన్న కొద్దీ ఈ వంపు పెరుగుతుంది. రింగులను పైకి జరిపి, కింది రెండు మూలల్లో రబ్బరు బొడిపెలు అంటించండి, చాలావరకు నిటారుగా వస్తుంది. 2 అడుగుల వెడల్పు దాటితే రెండు తీగలు వాడండి. పదికి తొమ్మిది. ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, బిగించిన చోటే గోడ దొరుకుతుంది, హాలు మధ్య ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది.

నాలుగోది తాడూ క్లిప్పులూ. ఫ్రేము లేని కాగితాలకూ, పిల్లల బొమ్మలకూ సరదాగా ఉంటుంది. ఇందాకటి తీగ లెక్కే ఇక్కడా: తాడు వంగకుండా ఉండాలని లాగి కడితే కొసల్లో కొక్కేలు పీక్కొస్తాయి. కాస్త వంగనివ్వండి, పొడవైతే మధ్యలో ఆసరా ఇవ్వండి. క్లిప్పుకూ కాగితానికీ మధ్య ఆమ్ల రహిత కాగితం ముక్క మడిచి పెట్టకపోతే నొక్కు పడుతుంది, ఆ నొక్కు పోదు. తడి గాలికి కాగితం చుట్టుకుంటుంది కూడా. అమ్మకానికి పెట్టిన బొమ్మకు ఇది వద్దు. పదికి ఐదు.

ఎత్తు లెక్క ఒకటి రాసుకోండి. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల్లో ఉండాలి. కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్లూ, పిల్లలూ ఎక్కువైతే రెండు మూడు అంగుళాలు దించండి. హుక్కు ఎక్కడ రావాలంటే, మధ్య ఎత్తుకు ఫ్రేము ఎత్తులో సగం కలిపి, తీగను బిగువుగా పైకి లాగినప్పుడు పై అంచుకు ఎంత దిగువన ఉందో అది తీసేయండి. ఫ్రేము 24 అంగుళాలు, తీగ 4 అంగుళాలు కింద, మధ్య ఎత్తు 58 అనుకుంటే, 58కి 12 కలిపి 4 తీస్తే 66. హుక్కు 66 అంగుళాల దగ్గర. పై అంచులు సమానంగా పెట్టే అలవాటుంది కొందరికి, రకరకాల సైజులున్నప్పుడు అది గజిబిజి. మధ్యలు కలపండి.

ఇక లైటు. నిజానికి చేతిలో డబ్బు తక్కువైతే ఫ్రేములు తర్వాత చూసుకోండి, ముందు లైటు మీద పెట్టండి. హాలు ట్యూబులైటు మీటింగుకు సరిపోతుంది, బొమ్మకు కాదు. ఎర్ర రంగు పూసిన ఈ ముక్కను రెండింటి కిందా పెట్టి చూపిస్తున్నా: పాత ట్యూబు కింద గోధుమ రంగులోకి దిగిపోయింది, మంచి ఎల్‌ఈడీ కింద ఎరుపు ఎరుపుగానే ఉంది. పెట్టె మీద సీఆర్‌ఐ 90 లేదా ఆపైన ఉండాలి, లైటు కింద రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె ఇది. ఆర్ 9 అన్న అంకె కూడా ఇస్తే ఇంకా మంచిది, గాఢమైన ఎరుపు ఎలా కనపడుతుందో చెప్పేది అదే. రంగు ఉష్ణోగ్రత, అంటే వెలుగు పసుపు వైపు ఉందా నీలం వైపు ఉందా అన్న కొలత, 3000 నుంచి 4000 కెల్విన్. హాలంతటా ఒకటే రకం పెట్టండి, కలగాపులగం చేయకండి.

లైటు నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడాలి. లైటు ఎత్తులోంచి బొమ్మ మధ్య ఎత్తు తీసేసి, వచ్చినదాన్ని 0.58తో హెచ్చించండి, గోడకు అంత దూరంలో లైటు ఉండాలి. లైటు 10 అడుగుల ఎత్తున, బొమ్మ మధ్య 5 అడుగుల దగ్గర ఉంటే దాదాపు 3 అడుగులు. మరీ దగ్గరైతే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది. మరీ దూరమైతే చూసేవాళ్ల నీడ పడుతుంది, గాజులో లైటే కనిపిస్తుంది. కిటికీ ఎండ సోకే గోడ మీద నీటిరంగులు పెట్టొద్దు. మ్యూజియాలు వాటికి 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఆపుతాయి, నడి ఎండ లక్ష దాకా వెళ్తుంది.

పేరు చీటీ బొమ్మకు కుడి పక్కన, అన్నీ ఒకే ఎత్తులో, అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకుండా. పేరు, మాధ్యమం, కొలతలు, ధర. కొలతల్లో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. అదే నంబరు ఫ్రేము వెనకా, జాబితాలోనూ రాయాలి. తీసుకున్నప్పుడే నాలుగు మూలలూ ఫోటో తీసి పెట్టుకోండి, "ఈ గీత ముందు లేదు" అన్న తగువు అక్కడే ఆగుతుంది. పోయినా, విరిగినా నష్టం ఎవరిది, హాలుకు కమిషన్ ఎంత, కాగితం మీద పెట్టించుకోండి.

విప్పేటప్పుడు ముందు బొమ్మలన్నీ దించి, తర్వాతే ప్యానెళ్ల జోలికి వెళ్లండి. అంటుకునే పట్టీ అడుగున ఉండే తోకను గోడ వెంబడే నేరుగా కిందికి, నెమ్మదిగా సాగదీస్తూ లాగాలి. మన వైపుకు లాగితే రంగు పెచ్చు లేస్తుంది. ఆక్రిలిక్ బొమ్మలు ఆరినా పైపొర మెత్తగానే ఉంటుంది, బబుల్ షీట్ నేరుగా తగిలితే గుండ్రటి అచ్చులు పడతాయి. ముందు గ్లాసీన్ కాగితం (నున్నటి, పల్చటి కాగితం) చుట్టి, ఆ పైన బుడగలు బయటికి ఉండేలా షీట్ వేయండి. బొమ్మ గుమ్మం దాటేముందు జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఆర్టిస్టు చేత సంతకం పెట్టించండి.