జాడీ అడుగున ఏముంది?

(విజయవాడలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పరిచయాలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను: వాక్యంలో చెప్పకుండా వదిలేసినదాన్ని ఎలా చదవాలి అని. మీకోసం నేనే నాలుగు వాక్యాలు రాసుకొచ్చాను, వినండి.

‘శ్రావణ శుక్రవారం. సీత ఆవకాయ పెద్ద జాడీ వాసెన విప్పి, అడుగు గీకి మొగుడికి వడ్డించింది. గరిటెడు నెయ్యి పోసింది. అతను అన్నం కలపకుండా కంచం వంకే చూస్తూ కూచున్నాడు.’

ఏం అర్థమైంది? వెనక బెంచీ నుంచి ‘పేదవాళ్లు సార్’ అని వినబడింది. అడుగు గీకిందంటే అలా అనిపించడం సహజమే. మరి నెయ్యి సంగతో? జరుగుబాటు లేని ఇంట్లో గరిటెలతో పోయరు. కాబట్టి ఇంకో కారణం వెతకాలి.

మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆవకాయ ఎండాకాలంలో పెడతారు, ఏడాదికి సరిపడా. శ్రావణానికే పెద్ద జాడీ అడుగు కనబడిందంటే అది నిరుటి పచ్చడి. ఈ ఏడు పెట్టలేదన్నమాట. ఎందుకని? మళ్లీ మొదటి మాట దగ్గరికి రండి. శ్రావణ శుక్రవారం నాడు కంచంలో పూర్ణం బూరె లేదు, పులిహోర లేదు. రాసినవాడు మరిచిపోయాడనుకుందామా? పనిగట్టుకుని ఆ రోజు పేరు చెప్పినవాడు వంటలు మరిచిపోతాడా? అది పండగ చేసుకోని ఇల్లు. ఏటిసూతకంలో, అంటే ఇంట్లో మనిషి పోయిన ఏడాదిలో, ఉన్నట్టుంది. ఆ పచ్చడి పోయిన మనిషి చేతిది అయ్యుంటుంది. అతని తల్లా? కావచ్చు. కానీ ఆ మాట నాలుగు వాక్యాల్లో ఎక్కడా లేదు, మనం అక్కడ ఆగాలి. పరీక్షల్లో ‘ఈ కథలో నీతి ఏమిటి’ అని అడిగీ అడిగీ, జాడీ వైపు చూసే అలవాటే పోగొట్టారు మనకి, నన్నడిగితే.

కథలకు సరే, సమాచారం ఇచ్చే పుస్తకాలకు ఇదంతా ఎందుకంటారా? తాడేపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు పొద్దున కృష్ణానది మీది బ్యారేజీ దాటే వచ్చుంటారు. దాని గురించి ఇంచుమించు ఇలా రాస్తుంటారు: ‘1855లో పూర్తయిన ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957 నాటికి బ్యారేజీ కట్టారు.’ తప్పేం లేదు. కానీ కట్టింది ఎవరు? గండి పడినప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. గండికీ బ్యారేజీకీ మధ్య ఈ ఊరు కదలకుండానే మూడు రాష్ట్రాలు మారింది. బ్యారేజీకి పెట్టిన పేరేమో ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం గారిది. మూడేళ్లే నిలిచిన ఆ రాష్ట్రం అలా పేరులో మిగిలింది, వాక్యంలో లేదు.

ఇంకా అడగండి. డబ్బు ఏ ప్రభుత్వం మంజూరు చేసింది? గండి పడ్డాక కాలువలకు నీళ్లెలా ఇచ్చారు? ఆ పంటకాలంలో డెల్టా రైతులు ఏం చేశారు? ఎవరైనా ఈ చివరి ప్రశ్న పట్టుకుని పాత పత్రికలు తిరగేస్తే, దొరికింది నాకూ చూపించండి. ఇక మీరు అడగండి.