తీతువు ఎందుకరుస్తుంది

శ్రోతలకు నమస్కారం.

వేసవి రాత్రి. మిద్దె మీద పక్కలేసుకుని పడుకున్నాం. ఊరి బయట బీట్లో ఎక్కడో ఒక పిట్ట ఉలిక్కిపడినట్టు గుక్కతిప్పుకోకుండా అరుస్తుంది. "తీతువు కూసింది, ఎవరికి మూడిందో ఏమో" అంటారు పెద్దవాళ్లు. పిల్లలు దుప్పటి ముసుగేసుకుంటారు. అనంతపురం జిల్లా పల్లెల్లో ఈ మాట వినని ఇల్లు తక్కువ. ఆ పిట్ట ఎందుకరుస్తుందో ఒక్కసారి పగటిపూట వెళ్లి చూసినవాళ్లకు మాత్రం ఆ భయం పోతుంది. భయం పోయిన చోట జాలి పుడుతుంది. ఈ పూట అక్కణ్నుంచే మొదలుపెడదాం.

తీతువు నేల మీద బతికే పిట్ట. కంటి ముందు ఎర్రటి చర్మపు మడత, కొన నల్లగా ఉన్న ఎర్ర ముక్కు, పొడవాటి పసుపు కాళ్లు. తలా రొమ్మూ నలుపు, కంటి వెనకనుంచి మెడ కిందికి తెల్లటి పట్టీ. మార్చి నుంచి ఆగస్టు దాకా గుడ్లు పెట్టే కాలం. దాని గూడు గులకరాళ్ల మధ్య అరచేయంత గుంట, అంతే. చుట్టూ చిన్న రాళ్లు, మేక పెంటికలు. అందులో మూడో నాలుగో గుడ్లు, సన్నటి కొనలు లోపలికి తిరిగి ఉంటాయి. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడినా ఏది రాయో ఏది గుడ్డో తేల్చుకోలేం. కొమ్మ లేదు, తొర్ర లేదు, చాటు లేదు. కుక్కో నక్కో ముంగిసో వస్తే, లేదా అర్ధరాత్రి కరెంటొచ్చిందని మోటారు వేయడానికి రైతు టార్చిలైటుతో అటుగా నడిస్తే, గుడ్లను కాపాడుకోవడానికి దాని దగ్గరున్నది ఆ గొంతే. ఎవరి చావూ దానికి తెలియదు. దాని పిల్లల ప్రాణం గురించి అది అరుస్తోంది.

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఎండ అంటాం కదా, ఆ ఎండలోనే ఆ గుడ్లు పొదగాలి. నెల రోజులకు కాస్త అటూ ఇటూగా ఆడా మగా వంతులేసుకుని కూర్చుంటాయి. మధ్యాహ్నం వేళ వాటి పని వెచ్చబెట్టడం కాదు, గుడ్లకు నీడ పట్టడం. దగ్గర్లో కుంట ఉంటే ఒకటి వెళ్లి రొమ్ము ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడే గుడ్లను చల్లబరుస్తుంది. ఇది చూడాలంటే దుర్భిణి అక్కర్లేదు, కాస్త ఓపిక కావాలి.

చూసే పద్ధతి చెబుతాను. ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య వెళ్లండి. పిట్ట అరవడం మొదలుపెట్టిందంటే మీరు అప్పటికే దగ్గరికొచ్చేశారని అర్థం. అక్కణ్నుంచి యాభై అడుగులు వెనక్కి వేసి, చెట్టు మొదట్లోనో గట్టు వారనో కూర్చోండి. పది నిమిషాల్లో అది నోరు మూస్తుంది. మరో పది నిమిషాల్లో నాలుగడుగులు నడుస్తూ, ఆగుతూ, పక్కకు చూస్తూ గుడ్ల దగ్గరికి తిరిగొస్తుంది. అది కూర్చున్న చోటే గూడు. ఉత్సాహం కొద్దీ గూటి పక్కకు వెళ్లి ఫోన్లో ఫొటోలు తీయొద్దు. మీరక్కడ నిలబడినంతసేపూ పిట్ట గుడ్ల మీద కూర్చోదు. మే నెల ఎండలో గుడ్లలోని జీవం చావడానికి ఎక్కువసేపు పట్టదు. పైగా మిమ్మల్ని కాకులు కనిపెడుతుంటాయి. మీరు వంగి చూసిన చోటికి మీరు వెళ్లగానే అవి దిగుతాయి.

చూసింది రాసిపెట్టుకోవాలి. ఇది చాలామంది వదిలేసే పని, నా దృష్టిలో అసలు పని. పిల్లల పాత నోటుపుస్తకం చాలు. పెన్ను వద్దు, పెన్సిల్ పట్టుకోండి, చెమట తగిలినా చినుకు పడినా అక్షరం చెదరదు. తేదీ, టైము, చోటు, చూసింది. పక్కనే వేరే గడిలో మీరు అనుకున్నది. ఈ రెండు గడులూ కలవకూడదు. "పిట్ట భయపడింది" అన్నది మీరు అనుకున్నది. "మూడుసార్లు నా తలమీదుగా ఎగిరింది" అన్నది చూసింది. ఇంటికొచ్చి రాద్దాంలే అనుకుంటే సగం మరిచిపోతాం, మిగతా సగం కల్పిస్తాం. ఏమీ కనబడని రోజు "కనబడలేదు" అని రాయడం మరీ ముఖ్యం. అది లేకపోతే ఆ పిట్ట ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్లిపోయిందో ఆ పుస్తకం చెప్పలేదు.

ఒక సామెతను తీసుకుని పుస్తకంలో పరీక్షించి చూడండి. చీమలు గుడ్లు మోస్తూ పైకెక్కితే వాన వస్తుందంటారు. చీమలు గుడ్లు మోసిన రోజు రాయండి, ఆ తర్వాత ఒక రోజులోపల వాన పడిందో లేదో రాయండి. చీమలు మోసినా పడని రోజులూ, మోయకుండానే పడిన రోజులూ రాయాలి. మనసుకు కుదిరినవి మాత్రమే గుర్తుంటాయి, అందుకే పుస్తకం కావాలి. రెండు మూడు వానాకాలాల లెక్క చేతికొస్తే మీ వాకిట్లో చీమల మాట ఎంతవరకు నమ్మొచ్చో మీకే తెలుస్తుంది. కార్తెల లెక్క కట్టినవాళ్లు చేసిందీ ఇలాంటి పనే. ఏడాదిని ఇరవై ఏడు ముక్కలు చేసి, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు పెట్టి, ఏ ముక్కలో ఏం జరుగుతుందో తరాల తరబడి గమనించారు.

వానకు వద్దాం. అనంతపురంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్తా ఒకేలా పడదు. గట్టుకు ఈవైపు తడుస్తుంది, ఆవైపు దుమ్ము లేస్తుంది. రేడియోలో మేము చెప్పే అంకె మీ చేనిది కాదు. మీ చేని అంకె మీరే కొలుచుకోవచ్చు. అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. మూతి వెడల్పై అడుగు సన్నగా ఉన్న గ్లాసు పనికిరాదు, ఎక్కువ చూపిస్తుంది. ప్లాస్టిక్ సీసా కోసి పెడతారు కొందరు, దాని అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. డబ్బాను నేలకు అడుగు ఎత్తులో, గాలికి పడిపోకుండా నాలుగు రాళ్ల మధ్య బిగించండి. పక్కన పది అడుగుల గోడ ఉంటే కనీసం ఇరవై అడుగుల దూరం ఉండాలి. చెట్టు కింద పెడితే ఆకుల మీది నీళ్లూ కలుస్తాయి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలవండి, వాతావరణ శాఖ కొలిచేదీ అప్పుడే. కొలిచి పారబోయండి. ఆలస్యం చేస్తే ఎండ తాగేస్తుంది. స్కేలు దగ్గర అందరూ చేసే తప్పొకటుంది. బడి పిల్లల ప్లాస్టిక్ స్కేలులో సున్నా అంచు నుంచి మొదలవదు, ముందు కాస్త ఖాళీ ఉంటుంది. అది చూసుకోకపోతే ప్రతి వానా కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా నమోదవుతుంది. అంచు నుంచే సున్నా ఉండే స్టీలు స్కేలు మేలు.

ఒక మిల్లీమీటరు వాన ఎకరా మీద పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. ఇరవై మిల్లీమీటర్లంటే ఎనభై వేల లీటర్లు. డబ్బాలో వేలి మందాన ఉన్న ఆ నీటిని చూస్తూ ఈ లెక్క వేసుకుంటే ఆకాశం మీద గౌరవం పెరుగుతుంది. అదే పొద్దున చేనులో జానెడు గుంత తవ్వి పదును ఎంత లోతుకు దిగిందో కూడా చూసి, ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. ఒకే వాన ఎర్రనేలలో లోతుకు దిగుతుంది, నల్లరేగడిలో పైపైనే ఆగుతుంది. చెనక్కాయ విత్తాలా, ఇంకో వాన కోసం ఆగాలా అన్నది తేల్చేది ఆ గుంతే.

తొలి వానల తర్వాత ఎర్రటి మఖమలు ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేలమీద పాకుతాయి. పిల్లలకు చూపించి కాళ్లు లెక్కపెట్టించండి. ఎనిమిది వస్తాయి, అంటే అది సాలీడుకు చుట్టం.

ఇంటి ముందు వేపచెట్టుంటే ఒక కొమ్మ ఎంచుకోండి. చెట్టంతా చూడాలనుకుంటే వారంలో విసుగొస్తుంది. ఆ కొమ్మకు పాత గుడ్డపీలిక వదులుగా కట్టండి. దారం బిగిస్తే కొమ్మ లావెక్కే కొద్దీ బెరడులోకి కోసుకుపోతుంది. వారానికి రెండుసార్లు చాలు. ఆకు రాలిందా, రాగిరంగు చిగురొచ్చిందా, మొగ్గా, విచ్చిన పువ్వా, పచ్చి కాయా, పసుపు పండా? 2021 చివర్లో తెలుగు నేల మీద వేపచెట్లు కొమ్మల చివర్లనుంచి ఎండిపోయినప్పుడు జనం బెంబేలెత్తారు. అది శిలీంద్రం తెచ్చే కొమ్మ ఎండు తెగులు అని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఏ కొమ్మ ముందు ఎండింది, ఏది ముందు కోలుకుంది అన్నది చెప్పగలిగేది ఆ చెట్టును ముందునుంచీ రాస్తూ వచ్చినవాళ్లే.

ఇలాంటి చూపు విలువ తెలియాలంటే కడప జిల్లా వైపు తిరగాలి. అక్కడి పొదల్లో బతికే కలివికోడి అనే పిట్టను 1848లో శాస్త్రానికి పరిచయం చేశారు. 1900 తర్వాత అది ఎవరి లెక్కలోనూ లేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. దొరకబుచ్చుకున్నది ఆ ప్రాంతపు మనిషే. చదువుకున్న ప్రపంచం పోయిందనుకున్న పిట్టకు ఆ చుట్టుపక్కల పల్లెల్లో పేరుంది. అది రాత్రిపూట తిరిగే పిట్ట, కంటికి చిక్కదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగుజాడలు వెతికారు.

ఆ పద్ధతి మీ పెరట్లోనూ నడుస్తుంది. జల్లెడ పట్టిన మట్టి రెండు జానల వెడల్పు, మూడు బారల పొడవు, వేలి మందాన పరిచి, సాయంత్రం చెక్కతో చదును చేయండి. మట్టి మరీ పొడిగా ఉంటే జాడ కూలిపోతుంది, కాస్త నీళ్లు చిలకరించండి. పొద్దు పొడవగానే చూడాలి. ఏటవాలు వెలుగులో గుంటల నీడలు తేలి కనిపిస్తాయి, పొద్దెక్కితే అన్నీ చదునుగా అనిపిస్తాయి. కుక్క జాడలో గోళ్లు పడతాయి, పిల్లి గోళ్లు దాచుకుని నడుస్తుంది. మన దొడ్డి దారిన రాత్రంతా ఎంతమంది వచ్చి వెళుతున్నారో చూస్తే ఇల్లు మన ఒక్కరిదే కాదనిపిస్తుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ రాత్రి తీతువు అరిస్తే లేచి టైము చూడండి, ఏ దిక్కున అరిచిందో పెన్సిల్‌తో రాయండి. పొద్దున్నే ఆ దిక్కుకు వెళ్లండి. అరవగానే ఆగి, వెనక్కి వచ్చి కూర్చోండి. గూడు మీ చేనులోనే బయటపడితే, దుక్కికి వచ్చే ట్రాక్టరు డ్రైవరుకు ముందే చెప్పి, పది అడుగుల దూరంలో ఒక కట్టె పాతించండి. గూటి పక్కనే పాతితే కాకి ఆ కట్టె మీదే వాలుతుంది.

నమస్కారం.