చదివింపుల పుస్తకంలో లేని లెక్క: కట్నాన్ని సోషియాలజీతో చదవడం

నమస్తే. ఈ వీడియోని నిర్వచనాలతో మొదలుపెట్టను. ముందు నా చేతిలో ఉన్న ఈ పుస్తకం చూడండి. మామూలు గీతల నోట్‌బుక్. అట్ట నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. మా అక్క పెళ్లినాటి చదివింపుల పుస్తకం ఇది. లోపల పేరు, ఊరు, ఎంత చదివించారు అన్నది వరసగా ఉంటుంది. 116, 516, ఇదిగో ఇక్కడ స్టీలు బిందె. ఎవరింట్లో పెళ్లన్నా మా నాన్న ఇప్పటికీ ముందు ఈ పుస్తకం తీస్తారు. వాళ్లు మనకెంత చదివించారో చూసి, అంతకు తగ్గకుండా చదివించాలి కదా.

ఇందులో బిందె ఉంది కానీ కట్నం లేదు. ఆ పెళ్లిలో చేతులు మారిన పెద్ద మొత్తం అదే. దానికి ఎక్కడా రాత లేదు.

రాయరు, ఎందుకంటే అది నేరం. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. 1986 సవరణతో కనీస శిక్షను అయిదేళ్ల జైలు చేశారు. చట్టం వచ్చి అరవై ఏళ్లు దాటాక కూడా పెళ్లి మాటల్లో ఏమంటారో మీకు తెలుసు. "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం." ఆ మాటకి అర్థమేంటో ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎంతన్నది మధ్యవర్తి బయట అరుగు మీద తేలుస్తాడు.

ఇలాంటి సమస్య కనిపించగానే మనం మొదట అడిగేది "ఎవరిది తప్పు?" అని. అత్తగారి ఆశ, అబ్బాయి చేతకానితనం, అమ్మాయి తండ్రి పిరికితనం అంటాం. సోషియాలజీ చదివేవాళ్లు ఇక్కడే ప్రశ్న మార్చుకోవాలి. సి. రైట్ మిల్స్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1959లో ఈ తేడా చాలా తేలిగ్గా చెప్పాడు. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి ఉద్యోగం లేకపోతే, అది ఆ మనిషి ఇబ్బంది. అతని చదువు, అతని ఓపిక చూస్తాం. అదే కోట్లమంది పనిచేసేవాళ్లున్న దేశంలో లక్షలమందికి ఉద్యోగం లేకపోతే ఒక్కొక్కరి గుణం చూసి లాభం లేదు. అది ఆ వ్యవస్థ సమస్య. కట్నం కూడా అంతే. మా నాన్న ఒకరి సొమ్ము రూపాయి ముట్టని మనిషి. ఆయనే మా అన్నకి కట్నం తీసుకున్నారు. ఎందుకు నాన్నా అని అడిగితే, "అక్కకి ఇవ్వాలి కదరా" అన్నారు.

ఈ జవాబు మీద కాసేపు ఆగండి. కొడుకు మీద వచ్చింది కూతురి మీద వెళ్తుంది. వద్దని ఒక్క ఇల్లు ఆగిపోతే ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లికి ఎక్కడినుంచి తేవాలి? దీన్ని ఆశ అనలేం. ఇదొక గొలుసు. అత్యాశపరులు లేరని నేను అనట్లేదు. కాకపోతే వాళ్లందరూ మారిపోయినా ఈ గొలుసు నడుస్తూనే ఉంటుంది.

ఫ్రాన్సు సోషియాలజిస్టు ఎమిల్ డర్కైమ్ 1895లో ఇలాంటివాటికి పెట్టిన పేరు సామాజిక యథార్థం. మనకి బయట ఉండి, మన మీద ఒత్తిడి తెచ్చేది. దాన్ని గుర్తుపట్టాలంటే ఎదురెళ్లి చూడండి. ఒకబ్బాయి నాకు కట్నం వద్దు అన్నాడనుకోండి. చప్పట్లు కొట్టాలి కదా? "వద్దంటున్నాడేంటి, ఏదైనా లోపం ఉందేమో, ఒకసారి కనుక్కోండి" అంటారు. ఆ ఒత్తిడిని మనమూ ఏదో ఒక పెళ్లి మాటల్లో చూసే ఉంటాం.

ఇక చరిత్రలోకి వెళ్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

కట్నం అనాదిగా వస్తున్న ఆచారం అనుకుంటాం. మన తెలుగు నేల మీదే డబ్బు ఎదురుగా నడిచిన రోజులున్నాయి. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే అమ్మాయి తండ్రే డబ్బు తీసుకునే పెళ్లిళ్ల జాబితా తీయమని విజయనగరం మహారాజు ఆదేశించారు. మూడేళ్లలో తేలినవి 1,034. గురజాడ తన 'కన్యాశుల్కం' నాటకం ముందుమాటలో ఈ లెక్క ఇచ్చారు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ నాటకం 1897లో అచ్చయింది. అదే ఏడాది డర్కైమ్ ఆత్మహత్యల లెక్కలు ముందేసుకుని తన పెద్ద పుస్తకం తెచ్చాడు. ఇక్కడా అక్కడా అంకెలతోనే సమాజాన్ని నిలదీశారన్నమాట.

చాలా కులాల్లో ఉండే ఓలి వేరు. అబ్బాయి తరపువాళ్లే అమ్మాయి ఇంటికి ఓలి ఇచ్చేవారు. నాటు వేసే, కలుపు తీసే చేతులు ఆ ఇంటినుంచి వెళ్లిపోతున్నాయి, దానికి బదులు. లంబాడీ తండాల్లోనూ ఇలాగే ఇచ్చేవారు. ముసలివాళ్లకి పసిపిల్లల్ని కట్టబెట్టిన కన్యాశుల్కాన్ని, కష్టం చేసే ఇళ్ల ఓలిని ఒకే గాటన కట్టకండి.

మరి డబ్బు దారి ఎందుకు మారింది? మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణ ఇక్కడ పనికొస్తుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక కుటుంబాలు పైకులాల పద్ధతులు అందుకుంటాయి. ఆడవాళ్లని పొలం పని మాన్పించడం అందులో ఒకటి. పని మానడాన్ని గౌరవం అనుకుంటాం. అక్కడితో ఆమె కష్టం లెక్కలోంచి పోతుంది, ఓలి పోతుంది. ఇంకోవైపు జీతం వచ్చే ఉద్యోగాలు వచ్చాయి. చదువుకున్న అబ్బాయిలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. గవర్నమెంటు ఉద్యోగానికి ఒక రేటు, అమెరికా సంబంధానికి ఒక రేటు.

ఇక్కడ మీకో చిక్కు ప్రశ్న. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టం సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. వాటా ఉంటే కట్నం ఎందుకు? మా వైపు జరిగేది చెప్తాను. "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా" అని, తర్వాత వాటా వదులుకున్నట్టు అక్కచెల్లెళ్ల చేత సంతకం పెట్టించుకుంటారు. పొలం అన్నదమ్ములకి ఉండిపోతుంది. కట్నం అత్తారింటికి పోతుంది. ఆమె చేతిలో ఏముంది?

అంకెలతో జాగ్రత్త. జాతీయ నేర గణాంకాల్లో ఏటా ఆరు వేలకు పైగా వరకట్న మరణాలు కనిపిస్తాయి. అవి పోలీసుల దగ్గర నమోదైనవి మాత్రమే. ఏ చావూ జరగని, ఏ కేసూ లేని లక్షల పెళ్లిళ్లలో చేతులు మారింది ఆ పట్టికలో ఉండదు.

అందుకే మీకో పని ఇస్తున్నాను. ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లతో విడివిడిగా మాట్లాడండి. నాయనమ్మో అమ్మమ్మో, అమ్మ, అక్కో వదినో. రాసుకోవచ్చా అని ముందే అడగండి, పేర్లు రాయకండి. "కట్నం ఎంత?" అని అడిగితే నోరు విప్పరు. "పెళ్లికి ఎవరు ఎవరికి ఏం పెట్టారు?" అని అడగండి. బంగారం, ఆడపడుచు లాంఛనం, బండి, పొలం, అన్నీ బయటికొస్తాయి. తర్వాత ఒక్క ప్రశ్న: "అందులో ఇప్పుడు నీ పేరు మీద ఏముంది?"

నేను మా నాయనమ్మని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, లేచి లోపలికెళ్లి ఒక ఇత్తడి చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద ఆవిడ పేరు చెక్కి ఉంది.