కుర్రకారు మాట, ఫోన్‌లో రాత

శ్రోతలకు నమస్కారం.

బస్టాపులో కాలేజీ పిల్లలు మాట్లాడుకుంటుంటే ఓసారి చెవి ఒగ్గండి. ‘మామా, నిన్న మ్యాచ్ కేక’, ‘వాడు తోపు రా’, ‘లైట్ తీస్కో బ్రో’. ఎవడైనా ఓ అమ్మాయితో తియ్యతియ్యగా మాట్లాడితే ‘పులిహోర కలుపుతున్నాడు’ అంటారు. పులిహోరకీ ప్రేమకీ సంబంధమేమిటో నన్నడక్కండి! ‘భాష పాడైపోతోంది’ అని మన పెద్దవాళ్లం నిట్టూరుస్తాం.

నాకైతే ఈ మాటల గురించి బెంగ లేదు. పెద్దలకు అర్థం కాకూడదని ప్రతి అక్షరానికీ ‘క’ తగిలించి క-భాష మాట్లాడుకున్నవాళ్లమే మనం. ‘సుత్తి కొట్టకు’ అని ఇప్పుడు తాతయ్యలూ అంటున్నారు. 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’తో ఆ మాట ఊరూరా పాకింది. అందులో వేసిన వీరభద్రరావు, వేలు గార్లకు ఇంటిపేరే ‘సుత్తి’ అయిపోయింది. అప్పట్లో సినిమా హాలు చేసిన పనే ఇప్పుడు రీల్స్ చేస్తున్నాయి, కాకపోతే పొద్దున పుట్టిన మాట సాయంత్రానికి అన్ని జిల్లాలూ తిరిగొస్తోంది.

ఆ తిరుగుడులో ఒక మేలూ జరిగింది. ఒకప్పుడు సినిమాల్లో తెలంగాణ యాస అంటే ఎక్కువగా కామెడీకో, రౌడీ వేషానికో. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ యూట్యూబ్‌లో తన ఊరి మాట తను మాట్లాడితే కోస్తా పిల్లలూ ఎగబడి చూశారు. గుంటూరు కుర్రాడి నోట ‘కిరాక్’ అన్న మాట వినపడితే ఇవాళ ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

నా టెన్షనంతా లిపి గురించే. వాట్సాప్‌లో తెలుగు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే నడుస్తోంది. అందులో ‘కళ్లు’ అన్నా ‘కల్లు’ అన్నా ఒకటే స్పెల్లింగు, kallu. తాతకి ఏది బాగాలేదో మనమే ఊహించుకోవాలి! పిల్లలది బద్ధకమే అనుకోకండి. మామూలు తెలుగు కీబోర్డులో ‘స్త్రీ’ అని కొట్టి చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: ఆరుసార్లు నొక్కాలి. బస్సులో ఒంటిచేత్తో ఎవరు కొడతారు?

తెలుగు తప్ప వేరే అక్షరాలు రాని అమ్మమ్మకి ఆ మెసేజ్ చేరినా చేరనట్టే. అందుకని మనవడు వాయిస్ మెసేజ్ పెడతాడు. కీబోర్డులో తెలుగు పెట్టుకుని, దాని మీది మైకు బొమ్మ నొక్కి అదే మాట చెబితే తెలుగు అక్షరాల్లోనే పడుతుందని చాలామంది పిల్లలకు తట్టదు. ‘లైట్ తీస్కో అమ్మమ్మా’ అన్నా పడుతుంది. ఎక్కడో ఒక ఒత్తు తప్పు పడుతుంది, అది దిద్దడానికి మాత్రం వాడికి ఒత్తులు వచ్చి ఉండాలి.

సెలవు.